టెలిఫొటో లెన్సు: ధర ఎప్పుడు దిగుతుంది, చవకగా ఇచ్చేచోట ఏం తగ్గుతుంది

క్లుప్తంగా: కెమెరా బాడీలా, దూరంలోని పక్షిని దగ్గరకు తెచ్చే టెలిఫొటో లెన్సు ధర ఏటేటా పడిపోదు. కొత్త లెన్సు మీద ఆగితే మిగిలేది సాధారణంగా కొద్ది శాతమే. సెకండ్ హ్యాండ్‌లో మాత్రం మౌంట్ (లెన్సును కెమెరాకు బిగించే అమరిక) మారినప్పుడు ధర గట్టిగా దిగుతుంది. దుకాణానికీ దుకాణానికీ, దేశానికీ దేశానికీ కనిపించే తేడాలో ఎక్కువ భాగం పన్ను, వారంటీ, వాపసు హక్కుల తేడాయే. జీఎస్టీ నమోదు ఉన్న ఫొటోగ్రాఫర్‌కు, సరదాగా పక్షుల ఫొటోలు తీసే ఉద్యోగికి చవకైన చోటు ఒకటి కాదు.

దసరా ఆఫర్ల ప్రకటనలు మొదలవగానే పక్షుల ఫొటోలు తీసేవాళ్ల మధ్య ఏటా ఒకే చర్చ నడుస్తుంది. రెండు లక్షల లెన్సు ఇప్పుడే తీసుకోవాలా, దీపావళి దాకా ఆగాలా? డాలస్‌లో ఉన్న బావగారు సంక్రాంతికి వస్తున్నారు కదా, ఆయనతో తెప్పించుకుంటే మిగులుతుందా? బిల్లు వద్దంటే ఇరవై వేలు తగ్గిస్తానన్నవాడి దగ్గర కొంటే ఏమవుతుంది? ఫోన్లు, టీవీలు కొన్న అనుభవంతో వీటికి జవాబు వెతికితే లెక్క తప్పుతుంది. ఆ వస్తువుల ధరలు నడిచే తీరు వేరు, పెద్ద లెన్సుల ధరలు నడిచే తీరు వేరు.

ముందు గాజు సంగతి

లెన్సు ధరను అర్థం చేసుకోవడానికి ఒక భాగహారం చాలు. ఫోకల్ లెంగ్త్‌ను (దూరాన్ని ఎంత దగ్గరకు తెస్తుందో చెప్పే మిల్లీమీటర్ల అంకె) ఎఫ్ నంబరుతో (ఇది చిన్నదైతే కాంతి ఎక్కువ) భాగిస్తే, కాంతి లోపలికి రావడానికి ఎంత వెడల్పు దారి కావాలో తెలుస్తుంది. 600 ఎంఎం ఎఫ్/6.3 లెన్సుకు అది సుమారు 95 మిల్లీమీటర్లు. అదే 600 ఎంఎం ఎఫ్/4కు 150 మిల్లీమీటర్లు. ముందు ఉండే గాజు వైశాల్యం దాదాపు రెండున్నర రెట్లవుతుంది. వెడల్పుతో పాటు మందమూ పెరుగుతుంది. అంత పెద్ద గాజు ముక్కను లోపం లేకుండా పోతపోసి, అరగదీసి, పూత వేయాలి. కొన్ని లెన్సుల్లో ఫ్లోరైట్ స్ఫటికాన్ని వాడతారు. దాన్ని పెంచడమే నిదానంగా సాగే పని.

నికాన్ రెండు లెన్సులను పక్కపక్కన పెడితే ఈ తేడా కళ్లకు కడుతుంది. 2022 నవంబరులో వచ్చిన జడ్ 600 ఎంఎం ఎఫ్/4 టీసీ ధర అప్పట్లో అమెరికాలో దాదాపు 15,500 డాలర్లు, బరువు 3,260 గ్రాములు. 2023 అక్టోబరులో వచ్చిన జడ్ 600 ఎంఎం ఎఫ్/6.3 ధర విడుదలలో దాదాపు 4,800 డాలర్లు, ట్రైపాడ్ కాలర్ తీసేస్తే 1,390 గ్రాములు. మొదటిదానిలో, దూరాన్ని ఇంకో 1.4 రెట్లు దగ్గర చేసే టెలికన్వర్టర్ లోపలే ఉంటుంది. రెండోది ఫేజ్ ఫ్రెనెల్ (పీఎఫ్) అనే ప్రత్యేక గాజుతో పొట్టిగా, తేలిగ్గా తయారైంది. దూరాన్ని రెండూ ఒకేలా దగ్గరకు తెస్తాయి. స్టాపున్నర కూడా లేని అదనపు కాంతికి (ఒక స్టాపు అంటే రెట్టింపు కాంతి) మూడు రెట్లకు పైగా ధర.

ఇలాంటి లెన్సులు అమ్ముడయ్యే సంఖ్య కూడా తక్కువే. ఫోన్ల మాదిరిగా లక్షల్లో తయారుచేసి ఖర్చు దించుకునే వీలు కంపెనీకి లేదు. స్టాకు పేరుకుపోయి అయినకాడికి అమ్ముకునే పరిస్థితి కూడా అరుదుగానే వస్తుంది.

బాడీ ధర పడుతుంది, లెన్సు ధర నిలబడుతుంది

సోనీ 200-600 ఎంఎం జూమ్ 2019 జూన్‌లో 1,998 డాలర్లకు వచ్చింది. ఐదేళ్ల తర్వాత, 2024లో కూడా రిబేటు లేని రోజుల్లో అమెరికా దుకాణాల్లో దాని ధర అదే ఉండేది. నికాన్ జడ్ 8 బాడీ కథ వేరు. 2023 మేలో దాదాపు 4,000 డాలర్లకు విడుదలైన ఆ కెమెరా, రెండేళ్లు తిరక్కుండానే ఆఫర్ రోజుల్లో 3,500 డాలర్ల లోపు దొరికింది.

కారణం సాదాసీదాది. బాడీలో ఉండేవి సెన్సరు, ప్రాసెసరు. రెండు మూడేళ్లకోసారి వాటికి మెరుగైనవి వస్తాయి, పాతది వెనకబడుతుంది. లెన్సులో ఫోకస్ మోటారు, స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) మెరుగుపడతాయి కానీ గాజు పాతబడదు. అందుకే కంపెనీలు ఒక పెద్ద లెన్సును ఎనిమిదేళ్లు, పదేళ్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువకాలం మార్కెట్లో ఉంచుతాయి. కానన్ ఈఎఫ్ 400 ఎంఎం ఎఫ్/5.6 లెన్సు 1993లో వచ్చి రెండు దశాబ్దాలకు పైగా అమ్మకంలో నిలిచింది.

అంటే "ఇంకో ఏడాది ఆగితే సగానికి వస్తుంది" అన్న ఆశకు కొత్త లెన్సుల్లో ఆధారం లేదు. ఆగితే మిగిలేది పండగ క్యాష్‌బ్యాకో, బ్యాంకు కార్డు డిస్కౌంటో, అప్పుడప్పుడు కంపెనీ ఇచ్చే ధర తగ్గింపో. దానికి బదులుగా పోయేది వాడుకునే కాలం. నేలపట్టులో, కొల్లేటి ఆటపాకలో, పులికాట్‌లో పక్షుల సందడి ప్రధానంగా చలికాలంలోనే. అక్టోబరులో కొనాల్సిన లెన్సును ఐదు శాతం కోసం మార్చి దాకా వాయిదా వేస్తే పదివేలు మిగులుతాయేమో కానీ, వలసపక్షుల సీజన్ మొత్తం చేజారుతుంది. అదే మనిషి లక్ష్యం పులుల అభయారణ్యమైతే లెక్క ఇంకోలా ఉంటుంది. వానాకాలంలో, సాధారణంగా జులై నుంచి సెప్టెంబరు దాకా, సఫారీలు మూతపడతాయి. జూన్ చివర్లో కొని లెన్సును బీరువాలో పెట్టడం కన్నా దసరా దాకా ఆగడమే మేలు. తేమ కాలంలో బీరువాలో ఊరికే కూర్చున్న లెన్సుకు ఫంగస్ భయం కూడా ఉంటుంది.

ఆగితే నిజంగా కలిసొచ్చే సందర్భాలు

మొదటిది, లెన్సు విడుదలైన కొత్తల్లో. మొదటి కొన్ని నెలలు సరఫరా తక్కువ, ఆర్డర్లు ఎక్కువ. 2018లో నికాన్ 500 ఎంఎం ఎఫ్/5.6 పీఎఫ్ వచ్చినప్పుడు అంచనాకు మించి ఆర్డర్లు వచ్చాయని, ఆలస్యానికి మన్నించమని కంపెనీయే ప్రకటించాల్సి వచ్చింది. 2022లో జడ్ 800 ఎంఎం ఎఫ్/6.3, 2023లో జడ్ 180-600 విషయంలోనూ కొన్నవాళ్లు నెలల తరబడి వరుసలో నిలబడ్డారు. అప్పుడు దుకాణదారుకు తగ్గించే అవసరం ఉండదు. "స్టాక్ లేదు, బుకింగ్ పెట్టుకోండి" అనే మాటే వినిపిస్తుంది. తొందర లేనివాళ్లు ఆ దశ దాటేదాకా ఆగితే, ధర తగ్గకపోయినా కనీసం బేరమాడే వీలు దొరుకుతుంది. తొలి పీసుల్లో ఏవైనా లోపాలుంటే ఆ సంగతీ అప్పటికి బయటపడుతుంది.

రెండోది, మౌంట్ మారే కాలం. అసలైన తగ్గింపు ఇక్కడే ఉంది. నికాన్, కానన్ రెండూ 2018లో మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త తరం) కెమెరాల కోసం కొత్త మౌంట్‌లు తెచ్చాయి. ఆ తర్వాత ఒక్కొక్కరే అద్దం ఉండే పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాల నుంచి మారుతూ పాత లెన్సులను అమ్మకానికి పెట్టారు. పైన చెప్పిన 500 పీఎఫ్ విడుదలలో 3,600 డాలర్లు. నికాన్ కొత్త జడ్ మౌంట్‌లో 400 ఎఫ్/4.5, 600 ఎఫ్/6.3 వచ్చాక సెకండ్ హ్యాండ్ మార్కెట్లో దాని విలువ బాగా దిగింది. పాత లెన్సును కొత్త మౌంట్‌కు కలిపే ఎఫ్‌టీజడ్ అడాప్టర్ పెడితే అది కొత్త బాడీల మీద కూడా పనిచేస్తుంది. కానన్ పాత ఈఎఫ్ మౌంట్ లెన్సులకు కూడా ఇదే వర్తిస్తుంది. తక్కువ ధరకు మంచి గాజు కావాలనుకునేవారికి ప్రస్తుతం ఇంతకన్నా లాభసాటి దారి కనిపించదు. ఇబ్బంది ఏమిటంటే, ఆపేసిన మోడళ్లకు విడిభాగాలు కొన్నేళ్ల తర్వాత దొరకవు. ఫోకస్ మోటారు పోతే ఆ గాజు అలంకారానికి మిగులుతుంది.

మూడోది, పోటీ కంపెనీ రంగంలోకి దిగినప్పుడు. సోనీ తన మౌంట్‌ను ఇతరులకు తెరిచింది కాబట్టి సిగ్మా, టామ్రాన్ లెన్సులు అక్కడ ధారాళంగా ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో సిగ్మా 300-600 ఎంఎం ఎఫ్/4 జూమ్‌ను 5,999 డాలర్లకు ప్రకటించింది. సోనీ సొంత 600 ఎఫ్/4 ప్రైమ్ (జూమ్ లేని లెన్సు) 2019లో 12,998 డాలర్లకు వచ్చింది. సిగ్మా నాలుగు కిలోల దాకా బరువుంటుంది, సోనీ మూడు కిలోలే. అయినా ధరలో సగం కన్నా తక్కువ. కానన్ కొత్త మౌంట్ ఆర్ఎఫ్‌లో మాత్రం, పెద్ద సెన్సరున్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల కోసం బయటి కంపెనీలు చేసే ఆటోఫోకస్ లెన్సులకు చాలాకాలం తలుపు మూసే ఉంచారు. బదులుగా కానన్ తానే రకరకాల మెట్లు కట్టింది. 2020లో 600, 800 ఎంఎం ఎఫ్/11 లెన్సులను 699, 899 డాలర్లకే తెచ్చింది. 2023లో 200-800 జూమ్‌ను 1,899కు తెచ్చింది. అంటే లెన్సు ధర గురించిన నిర్ణయంలో సగం, బాడీ ఏ కంపెనీది అని ఎంచుకున్న రోజే జరిగిపోతుంది.

పండగలు, మార్చి నెల, బడ్జెట్

మన దగ్గర దుకాణదారులు రెండు ధరల గురించి మాట్లాడుకుంటారు. డబ్బా మీద ఉండేది ఎంఆర్‌పీ. అసలు అమ్మకం జరిగేది ఎంఓపీ దగ్గర, అంటే కంపెనీ, డీలర్లు మార్కెట్లో పాటించే ధర. "ఎంఆర్‌పీ మీద 15 శాతం తగ్గింపు" అన్న బోర్డు ఎంఓపీతో సమానమే కావచ్చు. అందుకే ఆఫర్‌ను ఎంఆర్‌పీతో కాకుండా, పండగకు రెండు నెలల ముందు అదే లెన్సుకు రెండు మూడు దుకాణాలు చెప్పిన ధరతో పోల్చాలి. ఆ ధరలు ముందే రాసిపెట్టుకున్నవాడికే పండగ ఆఫర్ విలువ తెలుస్తుంది.

దసరా, దీపావళి మధ్య ఆఫర్లు ఎక్కువగా బాడీల మీద, కిట్‌ల మీద వస్తాయి. పెద్ద లెన్సుల వంతు వచ్చేసరికి బ్యాంకు కార్డు డిస్కౌంటే ముఖ్యం. దానికి కూడా గరిష్ఠ పరిమితి ఉంటుంది. "10 శాతం" అని పెద్ద అక్షరాల్లో రాసి, కింద చిన్న అక్షరాల్లో కొన్ని వేల దగ్గర గీత గీస్తారు. రెండు లక్షల లెన్సు మీద 10 శాతమంటే 20,000. పరిమితి 5,000 అయితే దక్కేది రెండున్నర శాతమే.

మార్చి నెలకు వేరే కారణం ఉంది. నికాన్, సోనీలకు ఆర్థిక సంవత్సరం మార్చితో ముగుస్తుంది, మన డీలర్లకూ అంతే. టార్గెట్‌కు కొద్ది దూరంలో ఆగిన డీలర్ చివరి వారంలో ఒక పీసు కోసం తన లాభం కొంత వదులుకోవచ్చు. దీనికి గ్యారంటీ లేదు, అడిగి చూడాల్సిందే. కానన్ లెక్కల సంవత్సరం డిసెంబరుతో ముగుస్తుంది. ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకాలు మారే వీలుంది కాబట్టి జనవరి చివర్లో కొందరు తొందరపడతారు, కొందరు ఆగుతారు. ముందే ఊహించి కొనడం జూదమే.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు చాలామంది అయోమయపడ్డారు. పెద్ద టీవీలు, ఏసీలు 28 శాతం నుంచి 18 శాతానికి దిగాయి. లెన్సులు అప్పటికే 18 శాతంలో ఉన్నాయి కాబట్టి వాటికి ఆ మార్పుతో ఒరిగిందేమీ లేదు.

యెన్ పడినా ధర ఎందుకు దిగలేదు

2021 మొదట్లో డాలరుకు 103 నుంచి 110 దాకా ఉన్న జపాన్ యెన్, 2024 జులైలో 160 దాటి పడిపోయింది. జపాన్ లెన్సులు అంత మేరకు చవకవ్వాలి కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ కంపెనీలు ఒక్కో దేశానికి ఒక్కో ధర నిర్ణయిస్తాయి. ఆ ధరలు ఎక్కువగా డాలరు చుట్టూ తిరుగుతాయి. యెన్ పడితే వచ్చే లాభం మొదట కంపెనీ ఖాతాలోకి చేరుతుంది. పైగా అదే కాలంలో రూపాయి కూడా డాలరుతో బలహీనపడింది. 2021లో 74 దగ్గర ఉన్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. అంటే యెన్‌తో చూస్తే రూపాయి బలపడింది, డాలరుతో చూస్తే నీరసించింది. భారతీయ కొనుగోలుదారుకు తగిలింది రెండోదే. మారకం రేటు చూసి కొనే రోజు ఎంచుకోవడం వల్ల మన దుకాణంలో పెద్దగా ఉపయోగం లేదు. జపాన్ వెళ్లి కొనేవారికి మాత్రం అది నేరుగా పనికొస్తుంది.

తక్కువ ధరలో ఏది తగ్గింది

ఒక లెన్సు అధికారిక డీలర్ దగ్గర 2,00,000 అనుకుందాం. అందులో 18 శాతం జీఎస్టీ 30,508 రూపాయలు. లెన్సు అసలు విలువ 1,69,492. ఇదే లెన్సును "బిల్లు లేకుండా" 1,80,000కు ఇస్తానని ఎవరైనా అంటే ఇరవై వేలు మిగిలినట్టు కనిపిస్తుంది. నిజానికి ఎగ్గొట్టిన పన్నులో పదివేలకు పైగా అమ్మేవాడి జేబులోకి, మిగిలింది కొనేవాడి జేబులోకి వెళ్తాయి. దానికి ప్రతిగా కొనేవాడు వదులుకునేవి ఇంకా ఉన్నాయి. వారంటీ ఉండదు. లోపముంటే నిలదీయడానికి కాగితం ఉండదు. బీమా క్లెయిముకు రుజువు ఉండదు. రేపు అమ్మబోతే "బిల్లు ఉందా?" అన్న మొదటి ప్రశ్నకు జవాబు ఉండదు. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో బిల్లున్న పీసుకు, లేని పీసుకు మధ్య తేడా తరచూ ఆ మిగులును మింగేస్తుంది.

గ్రే మార్కెట్ పీసు నకిలీ కాదు. ఇంకో దేశం కోసం తయారై, పక్కదారిలో ఇక్కడికి చేరిన అసలు లెన్సు. గాజులో తేడా ఉండదు, సర్వీసులో ఉంటుంది. గ్రే దారిలో వచ్చిన వస్తువులకు సర్వీస్ చేయబోమని నికాన్ అమెరికా విభాగం ఏళ్లుగా చెబుతోంది. ఒక్కో కంపెనీ, ఒక్కో దేశం విధానం ఒక్కో తీరు కాబట్టి, "ఇంటర్నేషనల్ వారంటీ" అన్న మాట వినగానే తృప్తిపడకుండా డబ్బాలోని వారంటీ కార్డు మీద దేశం పేరు, షరతులు చూడటం అవసరం. హైదరాబాద్ కోఠీ, ఢిల్లీ చాందినీ చౌక్ లాంటి కెమెరా బజార్లలో అధికారిక డీలర్లూ ఉన్నారు, ఇతరులూ ఉన్నారు. పక్కపక్క షాపులే కావచ్చు. కంపెనీ వెబ్‌సైట్‌లోని డీలర్ల జాబితాతో పేరు సరిపోల్చుకోవడం రెండు నిమిషాల పని. ఆన్‌లైన్‌లో కూడా సైటు పేరు కాదు, ఆ సైటులో అమ్ముతున్న విక్రేత పేరు చూడాలి.

ఇక పెళ్లిళ్లు, రిసార్టులు, ప్రకటనల పని చేసే ఫొటోగ్రాఫర్‌కు లెక్క పూర్తిగా తిరగబడుతుంది. జీఎస్టీ నమోదు ఉండి, వ్యాపార అవసరానికి తన జీఎస్టీ నంబరుతో బిల్లు తీసుకుంటే ఆ 30,508ను ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడానికి, వాడుకోవచ్చు. అతనికి లెన్సు ఖరీదు దాదాపు 1,69,500. అంటే బిల్లు లేని 1,80,000 పీసు కన్నా పదివేలు చవక. జమాఖర్చుల పుస్తకాలు రాసి ఆదాయపన్ను కట్టేవారికి ఇంకో మెలిక ఉంది. ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కన్నా తక్కువ వాడిన పరికరం మీద ఆ ఏడాది తరుగుదల సగమే వస్తుంది. యంత్ర పరికరాలకు 15 శాతమైతే అక్టోబరు మొదటి రోజుల్లోపు వాడకంలోకి వచ్చిన లెన్సుకు మొత్తం, ఆ తర్వాత వచ్చినదానికి ఏడున్నర శాతం. దసరా సెప్టెంబరు చివర్లో వచ్చే ఏడాది ఈ లెక్క దసరా వైపు మొగ్గుతుంది. అంచనా ఆదాయం పద్ధతిలో పన్ను కట్టేవారికి తరుగుదల విడిగా రాదు కాబట్టి ఈ గొడవ లేదు.

డాలస్ నుంచి, దుబాయ్ నుంచి

తెలుగు ఇళ్లలో ఈ దారి ఆలోచన రాకుండా ఉండదు. 1,900 డాలర్ల లెన్సును ఉదాహరణగా తీసుకుందాం. టెక్సస్‌లో పెద్ద నగరాల్లో సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం. కలిపితే 2,057 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే సుమారు 1,85,000. ఇక్కడి 2,00,000తో పోలిస్తే మిగులు పదిహేను వేలు. అది కూడా కస్టమ్స్‌లో ఏమీ కట్టకపోతేనే.

కట్టాల్సి వస్తే? 2026 ఫిబ్రవరి మొదటి దాకా అమలైన 2016 బ్యాగేజీ నిబంధనల్లో సుంకం లేకుండా తెచ్చుకునే పరిమితి 50,000 రూపాయలుగా ఉండేది. దాటిన విలువ మీద చాలా ఏళ్లుగా ఉన్న రేటు సర్‌చార్జీతో కలిపి 38.5 శాతం. ఆ లెక్కన 1,35,000 మీద సుమారు 52,000 పడుతుంది. మొత్తం 2,37,000. ఆ తర్వాత పరిమితి పాతిక వేలు పెరిగినా, ఈ రేటుతో తగ్గేది పదివేలు కూడా కాదు. ఈ అంకెలు మారుతుంటాయి కాబట్టి ప్రయాణానికి ముందు కస్టమ్స్ శాఖ సైటులో ఆనాటి రేటు చూసుకోవాలి. తీర్పు మాత్రం తేలిగ్గా మారదు. చట్టప్రకారం సుంకం కట్టి తెచ్చుకుంటే ఈ తరగతి లెన్సుల్లో లాభం లేదు. కట్టకుండా తెచ్చే టెన్షన్ బావగారి మీద పడుతుంది, దొరికితే జరిమానా కూడా ఆయనకే. దీనికి తోడు 2025లో అమెరికా దిగుమతి సుంకాలు పెంచాక నికాన్, కానన్, సోనీ అక్కడ ధరలు పెంచాయి. ఒకప్పుడు కనిపించిన ఆకర్షణ కొంత దాంతోనే పోయింది.

దుబాయ్‌లో వ్యాట్ 5 శాతం, పర్యాటకులు దానిలో చాలాభాగాన్ని విమానాశ్రయంలో వెనక్కి తీసుకోవచ్చు. సింగపూర్‌లో 2024 నుంచి జీఎస్టీ 9 శాతం, జపాన్‌లో వినియోగ పన్ను 10 శాతం. అక్కడా పర్యాటకులకు మినహాయింపో, వాపసో ఉంది. లెన్సుకు మెనూ భాష ఉండదు కాబట్టి జపాన్‌లో కొన్న కొన్ని బాడీల్లో వచ్చే జపనీస్ మెనూ సమస్య ఇందులో లేదు. అయినా ఇక్కడ దిగాక కట్టాల్సిన సుంకం మాత్రం అదే.

విదేశాల్లో నివసిస్తూ అక్కడే వాడుకునేవారికి ఈ గొడవేమీ లేదు. మన దేశం నుంచి పెద్ద లెన్సుతో కెన్యాకో, శ్రీలంకకో వెళ్లేవారు మాత్రం వెళ్లేటప్పుడే విమానాశ్రయ కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవడం మంచిది. అందులో సీరియల్ నంబరు రాసిస్తారు. తిరిగొచ్చేటప్పుడు అది కొత్తగా కొన్నది కాదని చూపడానికి ఆ కాగితమే ఆధారం.

నో కాస్ట్ ఈఎంఐ

వడ్డీ లేని వాయిదాల పేరుతో నడిచే పథకాలను రిజర్వు బ్యాంకు 2013లోనే తప్పుపట్టింది. ఇప్పుడు కనిపించే నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ ఉంటుంది. అంత మొత్తాన్ని ముందే ధరలో తగ్గిస్తారు. 2,00,000ను 12 నెలలకు 15 శాతం వడ్డీతో విడగొడితే తగ్గింపు సుమారు 15,300. కానీ బ్యాంకు ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ వేస్తుంది, అది 2,760 దాకా. ప్రాసెసింగ్ ఫీజు వేరే. మూడు వేల ఖర్చుతో ఏడాది వాయిదా అంటే చెడ్డ బేరమేమీ కాదు. అసలు విషయం ఏమిటంటే, ఆ 15,300ను కంపెనీయో డీలరో ఎలాగూ వదులుకుంటున్నారు. మొత్తం ఒకేసారి కట్టే మనిషి "ఈఎంఐ వద్దు, ఆ తగ్గింపు ఇవ్వండి" అని అడగవచ్చు. కొందరు కొంతైనా ఇస్తారు.

సెకండ్ హ్యాండ్ పీసు చేతిలోకి తీసుకున్నాక

లెన్సు ధర నిలబడుతుందన్న సూత్రం ఇక్కడ రెండు వైపులా పనిచేస్తుంది. మంచి పీసు మరీ చవకగా దొరకదు. కొన్నది రెండేళ్ల తర్వాత పెద్ద నష్టం లేకుండా అమ్ముడుపోతుంది. కొత్త లెన్సులో మొదటి నష్టం సీల్ తీసిన రోజే జరుగుతుంది, సెకండ్ హ్యాండ్‌లో దాన్ని మొదటి యజమాని భరించి ఉంటాడు. వానాకాలంలో, కొత్త మోడల్ వచ్చిన నెలల్లో అమ్మేవాళ్లు పెరుగుతారు. ఆ రోజుల్లో బేరం కుదిరే అవకాశం ఎక్కువ.

తనిఖీకి పెద్ద పరికరాలు అక్కర్లేదు. చీకటి గదిలో రెండు వైపుల మూతలు తీసి, వెనక నుంచి ఫోను టార్చి ఏటవాలుగా కొట్టి ముందు నుంచి చూడాలి. నాలుగు దుమ్ము కణాలు ఏ లెన్సులోనైనా ఉంటాయి, వాటితో ఫొటోకు నష్టం లేదు. అంచుల్లో సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్. మచిలీపట్నం నుంచి విశాఖ దాకా సముద్రపు తేమ ఉన్న ఊళ్లలో, డ్రై క్యాబినెట్ లేకుండా ఉంచిన లెన్సుల్లో ఇది మామూలు. లోపలి గాజుకు పట్టిన ఫంగస్‌ను శుభ్రం చేయడానికి లెన్సు మొత్తం విప్పాలి. అలాంటి పీసును ఎంత తక్కువకు ఇచ్చినా వదిలేయడమే మంచిది.

తర్వాత మౌంట్ దగ్గరి స్క్రూల తలలు చూడాలి. వాటి మీద గీతలుంటే ఎవరో విప్పారు. జూమ్ రింగు ఒకచోట బిగుసుకుని ఇంకోచోట వదులవుతుంటే కిందపడిన లెన్సు కావచ్చు. ట్రైపాడ్ కాలర్ పాదం అరిగి ఉండటం తప్పేమీ కాదు, వాడినట్టు లెక్క. హుడ్ కొత్తగా మెరుస్తూ బ్యారెల్ మాత్రం గీతలు పడి ఉంటే పాత హుడ్ ఏమైందో అడగాలి. చివరగా బిల్లు మీది సీరియల్ నంబరు, లెన్సు మీది నంబరు ఒకటేనా అని చూడాలి. సరిపోలకపోతే మాట్లాడాల్సింది ధర గురించి కాదు, లేచి రావాలి.

అద్దె ఒక మధ్యేమార్గం. హైదరాబాద్‌లో డిపాజిట్ తీసుకుని రోజువారీగా ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. రోజుకు 1,200 అనుకుంటే రెండు లక్షల లెన్సు అద్దె ఆ ధరను చేరడానికి 160 రోజులకు పైగా పడుతుంది. కానీ కొన్న లెన్సును మూడేళ్ల తర్వాత అమ్మితే సొమ్ములో చాలాభాగం తిరిగొస్తుంది. అరవై వేలు నష్టపోతామనుకుంటే పోలిక 50 రోజుల అద్దెతో చేయాలి. ఏడాదికి పదిహేడు రోజుల కన్నా తక్కువ వాడేవారికి అద్దె చాలు.

డబ్బా విప్పిన మొదటి వారం

లెన్సు ఒకటే మోడలైనా పీసుకీ పీసుకీ కాస్త తేడా ఉండవచ్చు. గాజుల అమరిక కొద్దిగా పక్కకు జరిగితే ఫొటోలో ఒక మూల మసకబారుతుంది. వాపసు గడువు కొద్ది రోజులే కాబట్టి పరీక్ష వెంటనే జరగాలి. కొరియర్ డబ్బా విప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి ఫోనులో ఆపకుండా వీడియో తీసుకుంటే తర్వాత వాదన తగ్గుతుంది.

పరీక్ష చేసే వేళ కూడా ముఖ్యం. మధ్యాహ్నం ఎండలో రెండు వందల మీటర్ల దూరంలోని కొంగను 600 ఎంఎంలో తీసి, పదును లేదని లెన్సును తిట్టేవారు చాలామంది ఉంటారు. నేల నుంచి లేచే వేడిగాలి కాంతిని చెదరగొడుతుంది. లెన్సు ఎంత మంచిదైనా ఫొటో నీళ్లలోంచి తీసినట్టు వస్తుంది. చెరువుగట్లు, తారురోడ్లు, కోసిన పొలాల మీద ఇది మరీ ఎక్కువ. ఉదయం ఎనిమిదిలోపు, పది పదిహేను మీటర్ల దూరంలో గోడకు అంటించిన దినపత్రికను ట్రైపాడ్ మీద నుంచి తీసి నాలుగు మూలలూ పోల్చి చూడాలి. స్టెబిలైజేషన్‌ను ఒకసారి ఆపి, ఒకసారి వేసి తీయాలి. జూమ్ అయితే రెండు చివర్లలోనూ తీయాలి. ఒక మూలలో మాత్రమే అక్షరాలు ప్రతిసారీ మసకగా వస్తుంటే పీసు మార్చమని అడగాలి. అన్ని మూలలూ ఒకేలా మెత్తగా ఉంటే, ఫిర్యాదు చేసే ముందు ముందువైపు గాజుకు తగిలించిన చవక ఫిల్టరును తీసి మళ్లీ తీయాలి.